కొత్త రైడర్ని గ్రూపులో తీసుకెళ్లడం: పాతవాళ్లు చూసుకోవాల్సినవి

బైకు రైడ్ల గ్రూపులోకి కొత్తగా వచ్చినవాళ్లని మనవాళ్లు బాగానే చూసుకుంటారు. టీ ఇప్పిస్తారు, ఫొటోలు తీస్తారు, "భయపడకు తమ్ముడూ, మా వెనకాలే వచ్చెయ్" అంటారు. చిక్కంతా ఆ చివరి మాటలో ఉంది. కొత్తవాళ్లకి అన్నిటికంటే కష్టమైన పని గ్రూపు వెనకాల రావడమే.

లెక్క చూడండి. ఎనిమిది బళ్లు వరసగా స్పీడ్ బ్రేకర్ దాటుతున్నాయి. మొదటి బండి దాటీ దాటగానే మళ్లీ 60 అందుకుంది. అది చూసి రెండో అతను ఎక్స్‌లేటర్ తిప్పడానికి ఒక సెకను పడుతుంది, మూడో అతనికి ఇంకో సెకను. ఎనిమిదో బండి దగ్గరికొచ్చేసరికి 7 సెకన్లు ఆలస్యం. 60 వేగంలో సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం కాబట్టి 120 మీటర్ల ఖాళీ పడింది. దాన్ని పూడ్చడానికి చివరివాళ్లు 80, 85 కొడతారు. అందుకునేలోపు ఇంకో స్పీడ్ బ్రేకర్ వస్తుంది. ముందున్నవాళ్లు మాత్రం "మేం 60 దాటలేదే!" అంటారు, అదీ నిజమే.

అందుకే కొత్తవాళ్ల విషయంలో పెట్టుకోవాల్సిన గురి ఒకటే. రోజు మొత్తం మీద వాళ్లు ఒక్కసారి కూడా తొందరపడాల్సిన అవసరం రాకూడదు. బండి చూసిపెట్టడం, హెల్మెట్ అరువివ్వడం, వరసలో చోటు, టీ దగ్గర ఆగే పద్ధతి అన్నీ దానికోసమే.

ముందు ఫోన్లో మాట్లాడండి

"బండి నడపడం వచ్చా?" అని అడిగితే అందరూ వచ్చనే అంటారు. ఆ ప్రశ్న దండగ. ఒక్కరోజులో ఎక్కువలో ఎక్కువ ఎన్ని కిలోమీటర్లు నడిపారు? హైవే మీద నడిపారా, లేక ఊళ్లోనేనా? బండి ఏది, సర్వీసింగ్ ఎప్పుడైంది? టైర్లు ట్యూబువా, ట్యూబ్‌లెస్సా? కళ్లద్దాలు పెట్టుకుంటారా? ఇవి అడిగితే సగం సంగతి తెలిసిపోతుంది. లైసెన్సు ఏదో కూడా అడగండి. లెర్నర్ మీద ఉన్నవాళ్లని గ్రూపు రైడుకి పిలవొద్దు, పర్మనెంట్ వచ్చాక రమ్మనండి. లైసెన్సు లేనివాళ్లకి మీ బండి ఇస్తే మోటారు వాహనాల చట్టం 180వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా మీ నెత్తి మీదే పడుతుంది.

ఒకరోజులో 50 కిలోమీటర్లు దాటనివాళ్లకి మొదటి రైడు రానుపోను 150 మించకూడదు. హైదరాబాద్ నుంచి అయితే అనంతగిరి కొండలు దాదాపు సరిపోతాయి. అక్కడికి పోయే చేవెళ్ల, మన్నెగూడ రోడ్డు మీద టిప్పర్ల తాకిడి ఎక్కువ, రోడ్డూ ఇరుకు. శంకర్‌పల్లి, మోమిన్‌పేట మీదుగా వికారాబాద్ చేరితే ఒత్తిడి తగ్గుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూ వీలర్లకి అనుమతి లేదు కాబట్టి మ్యాప్‌లో టూ వీలర్ మోడ్ పెట్టి లింకు పంపండి, లేకపోతే కొత్తవాళ్లు టోల్ గేటు దగ్గర తేలతారు. విశాఖవాళ్లు అరకు ఘాట్ జోలికి పోకుండా భీమిలి బీచ్ రోడ్డు పెట్టుకోవచ్చు, విజయవాడవాళ్లకి కొండపల్లి చాలు.

శ్రీశైలం మొదటి రైడు కానే కాదు. హైదరాబాద్ నుంచి ఒక వైపే 200 కిలోమీటర్లు పైన. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమల అడవి, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. గేటు మూసేలోపు బయటపడాలన్న ఆలోచన మెదిలితే చాలు, అందరి చెయ్యీ బిగుస్తుంది. ముందుగా బిగిసేది కొత్తవాడి చెయ్యే.

ఖర్చు సంగతి ముందే తేల్చండి. పెట్రోలు ఎంత, టిఫిన్ ఎంత, పార్కింగ్ ఎంత అని మెసేజ్‌లో రాస్తే విద్యార్థులు, చిన్న ఉద్యోగాలవాళ్లు మొహమాటపడరు. "కొత్తగా చేరావు, పార్టీ ఎప్పుడు?" అనే ఆచారం మానెయ్యండి. ఇరానీ చాయ్ డబ్బులు పాతవాళ్లే కడితే పోయేదేముంది?

బండి చూడటం ముందురోజు సాయంత్రమే

తెల్లారి 5.30కి పెట్రోల్ బంకులో బండి చూస్తే, లోపం కనపడినా చేయగలిగింది ఉండదు. షాపులు తెరవవు, గ్రూపు ఎదురుచూస్తుంటుంది, కొత్తవాళ్లు "పర్లేదన్నా, నడుస్తది" అంటారు. ముందురోజు సాయంత్రం వాళ్లింటి దగ్గర అరగంట కేటాయించండి. మీరు చేసిపెట్టకండి. ఒకసారి చూపించి, రెండోసారి వాళ్ల చేత్తో చేయించండి.

గాలి: టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో చైన్ కవరు మీదో, స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కరు ఉంటుంది. వెనక మనిషి ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని రెండు అంకెలుంటాయి. బంకులో ఏమీ చెప్పకపోతే రెండు టైర్లకీ ఒకేలా 35, 40 కొట్టేస్తారు. గాలి ఎక్కువైతే రోడ్డుకి ఆనే రబ్బరు తగ్గి తడిలో జారుతుంది.

చైను: కింది వైపు, రెండు స్ప్రాకెట్ల నడుమ వేలితో పైకి కిందికి ఆడించండి. మామూలు బళ్లకి 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడితే సరి. ఒకచోట చూసి వదిలేయొద్దు. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగుచోట్ల చూడాలి, ఎందుకంటే చైను అంతా ఒకేలా సాగదు. బాగా బిగుతుగా ఉన్నచోటే కొలత తీసుకోవాలి. వదులుగా ఉన్నచోట కొలిచి బిగిస్తే మనిషి కూర్చున్నాక ఇంకా లాగి బేరింగులు పోతాయి.

క్లచ్ వైరు: లివరు దగ్గర గుండు ఉండేచోట తీగ పోగులు విడిపోయి ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఒక్క పోగు తెగినా వైరు మార్చెయ్యడమే.

ఇక చాలామంది పట్టించుకోనిది లివర్ల కోణం. షోరూములో ఎలా ఉంటే అలాగే ఏళ్ల తరబడి నడుపుతారు. కొత్త రైడర్ని సీటు మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని చేతులు చాపి వేళ్లు లివరు మీద పెట్టమనండి. మణికట్టు పైకి విరిగినట్టు కనిపిస్తే లివరు కాస్త కిందికి తిప్పాలి. మోచేయి నుంచి వేలి కొస దాకా ఒకే గీతలా రావాలి. లివరు బిగింపు బోల్టు వదులు చేస్తే రెండు నిమిషాల పని. గేర్ లివరు కూడా అంతే. చెప్పులతో నడిపిన మనిషి రేపు మందపాటి బూటుతో వస్తే లివరు కిందికి బూటు దూరదు. ఒక పన్ను పైకి జరపాలి. "గేర్లు సరిగా పడట్లేదన్నా" అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఇక్కడే తీరిపోతాయి.

హెల్మెట్, జాకెట్ అరువివ్వడం

ఇంట్లో రెండు సెట్లు ఉన్నవాళ్లు ఒకటి ఇవ్వండి. మోకాలి గార్డులు, గ్లవుజులు, జాకెట్ ఏవైనా అరువివ్వచ్చు. హెల్మెట్ విషయంలో మాత్రం దానగుణం కాస్త తగ్గించుకోవాలి. ఒకసారి గట్టిగా నేలకి తగిలిన హెల్మెట్ ఇవ్వకూడదు, లోపలి థర్మోకోల్ నలిగి ఉంటే పైకి కనపడదు. మీ సైజు వాళ్లకి నప్పకపోయినా ఇవ్వకూడదు. కనుబొమలకి రెండు వేళ్ల పైన టేపు చుట్టి కొలవండి. 57, 58 సెంటీమీటర్లు వస్తే చాలా కంపెనీల్లో మీడియం, 59, 60 అయితే లార్జ్. పెట్టుకున్నాక బుగ్గలు నొక్కినట్టుండాలి. పట్టీ కింద రెండు వేళ్లకంటే ఎక్కువ దూరకూడదు. వెనక అంచు పట్టుకుని ముందుకి దొర్లిస్తే ఊడి రాకూడదు. ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ తయారు చేసినా, అమ్మినా నేరమే.

ఇచ్చే ముందు లోపలి గుడ్డ ఉతికి ఇవ్వండి. చెమట కంపు కొట్టే హెల్మెట్ ఇస్తే మొహమాటానికి పెట్టుకుంటారు గానీ పది కిలోమీటర్లకోసారి తీస్తారు.

గ్రౌండులో అరగంట

పొద్దున బయల్దేరే ముందు గానీ, ముందురోజు గానీ ఖాళీ గ్రౌండులో మూడు పనులు చేయించండి.

మొదటిది బ్రేకు. 30 వేగంలో వచ్చి, చెప్పినచోట ఆపాలి. వెనక బ్రేకు ఒక్కటే తొక్కే అలవాటు మన దగ్గర ఎక్కువ, "ముందు బ్రేకు పట్టుకుంటే పడిపోతావ్" అని చిన్నప్పట్నుంచి వినడం వల్ల. నిజానికి ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. ఒక్కసారిగా లాగితే జారుతుంది, మెల్లగా మొదలుపెట్టి పిండుతూ పోతే ఆగుతుంది. హ్యాండిల్ తిన్నగా ఉండాలి. ఏబీఎస్ (గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే బ్రేకు) ఉన్న బండి అయితే, ఆరితేరిన రైడరు దగ్గరుండి, పొడి రోడ్డు మీద 40లో గట్టిగా పట్టించి లివరు వణుకు ఒకసారి చూపించండి. తెలియనివాళ్లు ఆ వణుకు రాగానే ఏదో విరిగిందనుకుని బ్రేకు వదిలేస్తారు.

రెండోది హాఫ్ క్లచ్‌లో నడక వేగం, వెనక బ్రేకు లేతగా తొక్కి పెట్టి యూ టర్న్. చూపు ఎక్కడుంటే బండి అక్కడికే పోతుంది. చక్రం కేసి చూస్తే కాలు పెడతారు, తిరగాల్సిన చోటుకేసి చూస్తే తిరుగుతారు.

మూడోది పడిన బండి లేపడం. ఇది ముందే నేర్పాలి, ఎందుకంటే బండి పడినప్పుడు కొత్తవాళ్లు సిగ్గుతో ఒక్క ఊపున లేపబోయి నడుము పట్టేసుకుంటారు. ముందు కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజను ఆపే స్విచ్) నొక్కాలి. కుడివైపు పడితే సైడ్ స్టాండ్ బయటికి తీసి, గేరులో పెట్టాలి. బండికి వీపు ఆనించి, గొంతుక్కూర్చుని, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి సీటు కింద కమ్మీ మీద వేసి, కాళ్ల బలంతో వెనక్కి అడుగులు వేస్తూ లేపాలి. ఎడమవైపు పడితే స్టాండ్ ముందే తీయడం కుదరదు కాబట్టి నిటారుగా వచ్చాక అటువైపు ఒరిగిపోకుండా ఇంకొకరు పట్టుకోవాలి. లేపాక పెట్రోలు కారిందా, బ్రేకు లివరు వంగిందా, గేర్ లివరు లోపలికి నొక్కుకుపోయిందా చూడాలి. ఇంజెక్షన్ బళ్లు కొన్ని పడితే సెన్సరు వల్ల ఆగిపోతాయి, తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే స్టార్టవుతాయి. ఇది తెలియక మెకానిక్ కోసం వెతికేవాళ్లున్నారు.

పడినప్పుడు నవ్వకండి, వీడియో అసలే వద్దు.

వరస

నాలుగు నుంచి ఆరు బళ్లు ఒక జట్టు. ఎక్కువమంది ఉంటే జట్లుగా విడగొట్టి, అయిదు నిమిషాల తేడాతో పంపండి. ప్రతి జట్టుకీ ముందొకరు లీడ్, చివరొకరు స్వీప్.

కొత్తవాళ్ల చోటు రెండోది, లీడ్ వెనకే. మొదట లెక్కలో చూసిన, రబ్బరులా సాగే ఖాళీ దెబ్బ రెండో బండికి దాదాపు తగలదు. పైగా లీడ్ అద్దంలో వాళ్లు ఎప్పుడూ కనపడతారు. మూడో చోటులో నిదానమైన మనిషిని పెట్టండి. అతని పని కొత్తవాళ్ల వెనక ఖాళీ ఉంచడమే. వెనకనుంచి హారన్, లైటు కొట్టేవాళ్లు, పక్కకొచ్చి "పోనీ పోనీ" అని చెయ్యి ఊపేవాళ్లు ఆ చోటుకి పనికిరారు.

వేగం ఎంతన్నది కొత్త రైడరు నిర్ణయిస్తారు, లీడ్ కాదు. పెద్ద బళ్లున్న గ్రూపులో ఒకరు స్ప్లెండర్ మీద వచ్చారనుకోండి. అది 8 హార్స్‌పవర్ బండి, 55లో హాయిగా నడుస్తుంది, 75లో ఇంజను మూలుగుతుంది. కాబట్టి ఆ రోజు గ్రూపు వేగం 55. నచ్చనివాళ్లు ఇంకో ఆదివారం వేరుగా వెళ్లొచ్చు. లీడ్ స్పీడ్ బ్రేకర్ దాటాక అద్దంలో చివరి బండి లైటు కనపడేదాకా 40 దాటకూడదు. ఈ ఒక్క అలవాటుతో మొదట చెప్పిన లెక్క మొత్తం మారిపోతుంది.

బళ్లని లైనులో ఎడమ పక్కన ఒకటి, దాని వెనకది కుడి పక్కన నడపడం నాలుగు లైన్ల హైవే మీద బాగుంటుంది. మన రెండు లైన్ల రోడ్ల మీద కొత్తవాళ్లతో అది వద్దు. ఎడమ వైపు చోటు వచ్చినవాళ్లకి ఇసుక, తారు అంచు జారుడు తగులుతాయి. ఒకే వరసలో, బండికీ బండికీ 3 సెకన్లు. ముందు బండి కరెంటు స్తంభం దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్రెండు, వెయ్యిన్మూడు" అనుకోవాలి, అప్పటికి మీరు స్తంభం చేరాలి. 60లో అది 50 మీటర్లు. మధ్యలో ఆటో దూరుతుంది. దూరనివ్వండి.

ఓవర్‌టేక్ చేయమని కొత్తవాళ్లకి ఎవరూ చెయ్యి ఊపకూడదు, ఇండికేటర్ వేసి పిలవకూడదు. మీకు కనపడిన ఖాళీ రెండు సెకన్ల తర్వాత వాళ్లకి ఉండదు. లీడ్ లారీని దాటాక, వెంటనే ఎదుట స్లో చేస్తే వెనకవాళ్లు దూరడానికి చోటుండదు. ఓ 200 మీటర్లు అదే వేగంతో పోయి, తర్వాత ఎడమకి వచ్చి తగ్గించాలి. కొత్తవాళ్లు లారీ వెనకే పది నిమిషాలు ఉండిపోతే ఉండిపోనివ్వండి.

చేతి సైగలు రోడ్ల మీద పాతిక దాకా వాడుతుంటారు. కొత్తవాళ్లకి మూడు చాలు: ఎడమ అరచెయ్యి కిందికి ఊపితే స్లో, పిడికిలి పైకెత్తితే ఆగడం, టాంకు మీద తడితే పెట్రోలు. గుంత ఉంటే లీడ్ కాలు చాపి చూపిస్తారు. ఆ సైగల్ని వాళ్లు వెనక్కి అందించాల్సిన పనిలేదు, రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉండటమే ముఖ్యం.

వేరే రోడ్డులోకి మలుపు తిరిగేచోట ఒకే నియమం. మీ వెనక బండి లైటు కనపడేదాకా మలుపు దగ్గరే ఆగండి. అందరూ ఇది పాటిస్తే ఎవరూ తప్పిపోరు, ఎవరూ ఫోన్ తియ్యరు. ఆగేది వంపులో కాదు, వంపు దాటాక రోడ్డు దిగి. "తప్పిపోతే నీ అంతట నువ్వు మ్యాప్ చూసుకుని నిదానంగా రా, మేం ఫలానా బంకు దగ్గర ఉంటాం" అని బయల్దేరే ముందే చెబితే సగం కంగారు తగ్గుతుంది.

ఆగినప్పుడు

ముప్పావు గంటకో, 40 కిలోమీటర్లకో ఒకసారి ఆగాలి. ఇక్కడే తెలియకుండా జరిగే అన్యాయం ఒకటుంది. ముందున్నవాళ్లు వచ్చి, టీ తాగి, కబుర్లాడి పది నిమిషాలయ్యాక చివరివాళ్లు వస్తారు. వాళ్లు గ్లవుజు తీసేలోపు "పోదామా?" అంటారు. విశ్రాంతి అవసరమైనవాళ్లకే విశ్రాంతి దొరకదు. అందుకని విరామం గడియారం చివరి బండి స్టాండ్ వేసినప్పుడు మొదలవ్వాలి, అక్కణ్నుంచి పదిహేను నిమిషాలు.

బయల్దేరేటప్పుడు ఇంకోటి. పాతవాళ్లు నిమిషంలో తయారై ఇంజను స్టార్ట్ చేసి, రేజ్ ఇస్తూ నిలబడతారు. ఆ చప్పుడు వింటే కొత్తవాళ్లు హెల్మెట్ పట్టీ పెట్టుకోవడం మర్చిపోతారు, సైడ్ స్టాండ్ తీయడం మర్చిపోతారు. కొత్తవాళ్లు పట్టీ బిగించి, గ్లవుజు వేసుకుని, బండెక్కి తలూపేదాకా ఎవరి ఇంజనూ స్టార్టవ్వకూడదు.

"ఎలా ఉంది?" అంటే "సూపరన్నా" అనే జవాబే వస్తుంది. ప్రశ్న మార్చండి. "ఏ వేలు తిమ్మిరెక్కింది?" "ఆ వంతెన మలుపులో ఏ గేరులో ఉన్నావ్?" "నేనింకా తగ్గించాలా?" ఇలా అడిగితే నిజం చెబుతారు. అరచెయ్యి తిమ్మిరెక్కిందంటే హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటున్నారని అర్థం. మోకాళ్లతో టాంకు నొక్కి పట్టి, చేతులు వదులు చెయ్యమనాలి. ఒక్కో ఆగడంలో ఒక్క తప్పే చెప్పండి, పక్కకి పిలిచి. నలుగురు చుట్టూ చేరి నాలుగు రకాలుగా చెబితే ఒక్కటీ ఎక్కదు. చెప్పేది ఒక్కరే అయితే మంచిది, ఆ రోజుకి ఆ పని మూడో బండివాళ్లది.

మహిళా రైడర్లు వచ్చినప్పుడు ఈ నలుగురి ఉపదేశం పదిమందిది అవుతుంది. అడగకుండా ఫొటో తియ్యడం, అడగకుండా నంబరు గ్రూపులో పెట్టడం, బండి తిప్పుతుంటే పరిగెత్తుకెళ్లి పట్టుకోవడం వద్దు. సాయం కావాలా అని అడగండి, వద్దంటే ఆగిపోండి. శుభ్రమైన టాయిలెట్ ఉన్న బంకులు ముందే చూసి, ఆగే చోట్లుగా అవే పెట్టుకుంటే అది అందరికీ మేలు. చున్నీ వదులుగా ఉంటే చైనులో, చక్రంలో పడుతుంది కాబట్టి జాకెట్ లోపల దోపుకోవాలి. ఈ మాట మొదటే చెప్పండి.

అనంతగిరిలో బీరు సంగతి ఎవరైనా ఎత్తితే, రానుపోను పూర్తయ్యేదాకా లేదని లీడ్ అక్కడే తేల్చెయ్యాలి.

ఘాట్, వడ్లు, కోతులు

ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ అదే గేరు. న్యూట్రల్లో దింపడం, క్లచ్ పట్టుకుని దింపడం వల్ల పెట్రోలు మిగలదు, బ్రేకులు మాత్రం వేడెక్కి పట్టు తగ్గుతుంది. గుడ్డి మలుపుకి ముందే వేగం తగ్గించి, హారన్ కొట్టి, ఎడమ వైపే ఉండాలి. ఆర్టీసీ బస్సు తిరగడానికి రోడ్డంతా తీసుకుంటుంది. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. వడ్ల మీద టైరు గోలీల మీద పోయినట్టు జారుతుంది. ముందే వేగం తగ్గించి, నిటారుగా, బ్రేకు ముట్టకుండా దాటాలి. కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు వడ్లు ఎత్తేశాక కూడా రోడ్డు మీదే ఉండిపోతాయి. అందుకే కొత్తవాళ్లతో చీకటి పడ్డాక పల్లె రోడ్లు వద్దు.

కోతులున్నచోట ఆగొద్దు, తినడానికి ఏమీ వెయ్యొద్దు.

పంచరైతే

పనిముట్లన్నీ స్వీప్ దగ్గరే ఉండాలి, లీడ్ దగ్గరుంటే వెనక్కి రావాల్సి వస్తుంది. ట్యూబ్‌లెస్ కిట్టు, అయిదు స్ట్రిప్పులు, గాలి పంపు, కటింగ్ ప్లేయరు, స్పానర్లు, 10, 15, 20 యాంపియర్ల ఫ్యూజులు ఒక్కోటి, చైన్ లింకు, ఇన్సులేషన్ టేపు, జిప్ టైలు, ప్రథమ చికిత్స పెట్టె.

ట్యూబ్‌లెస్ అయితే కొత్తవాళ్లతోనే చేయించండి. మేకు చుట్టూ సున్నంతోనో, పెన్నుతోనో గుర్తు పెట్టాకే పీకాలి. పీకాక బొక్క దొరకదు. గరుకు సూదిని మేకు దిగిన వాలులోనే పదిసార్లు తోసి లాగాలి. స్ట్రిప్పుని రెండో సూదిలో మధ్యకి ఎక్కించి, రెండు కొసలూ ఒక సెంటీమీటరు బయట మిగిలేదాకా దించి, సూదిని ఒక్క గుంజుతో లాగెయ్యాలి. మెల్లగా లాగితే స్ట్రిప్పు కూడా వచ్చేస్తుంది. కొసలు కాస్త వదిలి కోసి, గాలి కొట్టి, నీళ్లు పోసి బుడగలొస్తున్నాయా చూడాలి. పక్క గోడ చీలితే ఈ కిట్టు పనిచెయ్యదు. స్పోక్ చక్రాల బళ్లు చాలావరకు ట్యూబువే, వాటికీ పనిచెయ్యదు. అప్పుడు స్వీప్ ముందుకెళ్లి పంచరు షాపు వెతకాలి, ఇంకొకరు తోడుండాలి. కొత్తవాళ్లని బండి దగ్గర ఒంటరిగా వదలొద్దు.

స్ట్రిప్పుకీ, ఫ్యూజుకీ డబ్బులడగకండి. క్లచ్ వైరు తెగితే క్లచ్ లేకుండా నడపడం పాతవాళ్ల పని, బళ్లు మార్చుకోండి. పెట్రోలు అయిపోయిన బండిని వెనకనుంచి కాలితో నెడుతూ తీసుకెళ్లడం మన దగ్గర మామూలే గానీ, కొత్తవాళ్లు రెండిట్లో దేనిమీద ఉన్నా అది చెయ్యొద్దు.

పడి దెబ్బ తగిలితే

ముందు ట్రాఫిక్ ఆపండి. రెండు వైపులా 50 మీటర్ల దూరంలో ఒక్కో బండి, ఇండికేటర్లు వేసి, మనిషి రోడ్డు పక్కన నిలబడి. తర్వాత 108. జాతీయ రహదారి అయితే 1033 కూడా. స్పృహ లేకుండా ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ తియ్యకండి, మెడ కదిలించకండి, నీళ్లు పొయ్యకండి. ఊపిరి ఆగితేనే ఒకరు మెడ పట్టుకుని ఇంకొకరు తియ్యాలి. దారినపోయేవాళ్లు సాయానికొచ్చి పోలీసు కేసు భయంతో వెనకాడితే, మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణలో వచ్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకి రక్షణ ఇస్తుందని, పేరు చెప్పాల్సిన పనికూడా లేదని చెప్పండి. ఇంటివాళ్ల నంబరు, బ్లడ్ గ్రూపు రాసిన కాగితం ఫోన్ కవరు లోపల ప్రతి ఒక్కరికీ ఉండాలి. లాక్ పడిన ఫోన్లో నంబర్లుండి లాభం లేదు.

రెండో రైడు

ఇంటికి చేరాక "చేరాను" అని మెసేజ్ వచ్చేదాకా స్వీప్ పని అయిపోనట్టే. మర్నాడు ఒకరు ఫోన్ చేసి ఎక్కడ నొప్పులున్నాయో అడగండి. నడుం కింద అయితే కూర్చునే తీరు, మెడ అయితే హెల్మెట్ బరువో గాలో, కుడి మణికట్టు అయితే లివరు కోణం మళ్లీ చూడాలి.

రెండోసారి వచ్చినప్పుడు తిరుగు ప్రయాణంలో వికారాబాద్ నుంచి మోమిన్‌పేట దాకా లీడ్ వాళ్లకే ఇవ్వండి. పాత లీడ్ రెండో చోటుకి మారి, ఏమీ సైగ చెయ్యకుండా వెనక రావాలి. వాళ్లు 45లో పోతే 45. మోమిన్‌పేటలో ఆగాక "అద్దంలో చివరి బండి ఎన్నిసార్లు చూశావ్?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. మూడో రైడుకి కొత్తగా ఎవరైనా వస్తే, వాళ్ల వెనక మూడో చోటు వీళ్లకి ఇచ్చి చూడండి. కొత్తవాళ్లకి ఎక్కడ భయమేస్తుందో నిన్నమొన్న భయపడినవాళ్లకి తెలిసినంతగా మనకి తెలియదు.